మెత్తగా చెబితే వినిపించదు, గట్టిగా చెబితే నొచ్చుకుంటారు: మీ మాట తీరు ఎలాంటిది?

రాత్రిడ్యూటీ
మంగళవారం, ఉదయం 10:15

అందరికీ నమస్కారం. నేను 11 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పది రోజుల క్రితం జరిగిన ఒక సంఘటన నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఇక్కడ రకరకాల వృత్తుల వాళ్లు ఉన్నారు కాబట్టి మీ అందరినీ అడగాలనిపించింది.

గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ మా వార్డులో ఉన్నారు. రాత్రి 10 గంటలకు బీపీ 118, నాడి 88. ఒంటిగంటన్నరకు చూస్తే బీపీ 98, నాడి 112. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. డ్యూటీ డాక్టరుకు ఫోను చేశాను. ఆ రోజు నేనన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి: "సార్, ఈ వేళప్పుడు లేపినందుకు ఏమీ అనుకోకండి. నాలుగో బెడ్ ఆవిడ కాస్త నీరసంగా ఉన్నారు. బీపీ కొద్దిగా తగ్గినట్టుంది. వీలైతే మీరు ఒకసారి చూస్తే బాగుంటుందేమో." ఆయన "సెలైన్ వేగం పెంచండి, పొద్దున్నే చూస్తాను" అన్నారు. నేను "సరే సార్" అని పెట్టేశాను.

2:20కి బీపీ 86, నాడి 128. మూత్రం సంచిలో గంట నుంచి చుక్క పెరగలేదు. మళ్లీ ఫోను చేశాను. "సార్, ఆవిడ ఇంకా అలాగే ఉన్నారు" అన్నాను. అలాగే ఉన్నారు అన్నాను, పరిస్థితి అంతకంతకూ దిగజారుతుంటే! చివరికి ఆవిడ కొడుకు వరండాలో నిలబడి అరిస్తే డాక్టరు పరుగెత్తుకొచ్చారు. కడుపులో రక్తస్రావం. తెల్లవారకముందే మళ్లీ థియేటరుకు తీసుకెళ్లారు. ఆవిడ బతికారు, కోలుకుని ఇంటికి వెళ్లారు.

పొద్దున్న ఆ డాక్టరు కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగారు: "ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదు సిస్టర్?" నా లెక్కలో నేను రెండుసార్లు చెప్పాను. ఆయన లెక్కలో ఒక్కసారీ చెప్పలేదు.

ఇంట్లో నాకు ఈ కష్టం ఎప్పుడూ రాలేదు. నేను టీ గ్లాసు పెట్టే తీరును బట్టే మా అత్తగారు "తలనొప్పిగా ఉందా అమ్మా" అని అడుగుతారు. అదే మాట, అదే మనిషి, ఒకచోట అందుతోంది, ఇంకోచోట అందడం లేదు. మీ మాట తీరు ఎలాంటిది? దాని వల్ల మీకు కలిసొచ్చింది ఏమిటి, నష్టపోయింది ఏమిటి? నేను మారాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కుండబద్దలు
మంగళవారం, ఉదయం 11:02

ముందుగా ఆ పెద్దావిడ బతికినందుకు సంతోషం. నేను సైట్ ఇంజినీరును. మా పనిలో "ఏమో" అనే మాటకు చోటు లేదు. కాంక్రీటు లారీ గేటు దగ్గర తిరుగుతూ ఉంటుంది. పైకి వెళ్లి చూస్తే బాల్కనీ కడ్డీలు అడుగున కట్టి ఉంటాయి. గోడ దాటి బయటికి పొడుచుకొచ్చే బాల్కనీకి అసలు బలం ఇచ్చే కడ్డీలు పైభాగంలో ఉండాలి. అడుగున కడితే సెంట్రింగ్ విప్పిన రోజే కూలిపోవచ్చు. అక్కడ "మేస్త్రీ, ఒకసారి చూసుకుంటే మంచిదేమో" అంటే ఏం లాభం? "ఆపండి. విప్పి మళ్లీ కట్టండి" అంటాను. ఎవరు నొచ్చుకున్నా సరే.

నా అభిప్రాయం కూడా సూటిగానే చెబుతాను. ఎదుటివాడు నొచ్చుకుంటాడేమో అని మాట నాన్చేవాళ్లు నిజానికి తమ సౌకర్యమే చూసుకుంటున్నారు. పేషెంటు కంటే డాక్టరు నిద్ర ముఖ్యమైంది మీకు ఆ రాత్రి.

గౌతమీతీరం
మంగళవారం, మధ్యాహ్నం 1:30

బాబూ, చివరి వాక్యం ఆ అమ్మాయికి తగదు. ఆమె ఆ మంచం దగ్గరి నుంచి కదలలేదు. మాట అందకపోవడం వేరు, మనసు లేకపోవడం వేరు.

నేను 34 ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మన ఇళ్లలో బియ్యం అయిపోయాయి అనరు, నిండుకున్నాయి అంటారు. దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు. వెళ్తున్నాను అనకుండా వెళ్లొస్తాను అనడం ఇప్పటికీ ఉంది. చేదు మాటను నేరుగా నాలుక మీదికి రానివ్వకుండా పక్కదారిన నడిపించడం మన భాషలో తరతరాలుగా ఉన్న నేర్పు. దాన్ని పిరికితనం అనడానికి నాకు మనసొప్పదు.

ఒక సంగతి చెబుతాను. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి కొత్త కంపాసు పెట్టె పోయింది. తీసింది ఎవరో నాకు తెలుసు. ఆ పిల్లవాడి పేరు పిలిచి సంచి దులిపించి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. నేను తరగతి అందరితో అన్నాను: "నా బల్ల సొరుగుకు ఈ రెండు రోజులు తాళం వేయను. ఎవరికైనా పెట్టె కనబడితే అందులో పెట్టండి." మర్నాడు పెట్టె సొరుగులో ఉంది. లోపల పెన్సిలు కొత్తగా చెక్కి ఉంది. ఆ చెక్కిన పెన్సిలే వాడు నాకు చెప్పిన క్షమాపణ. సూటి మాట ఆ పెట్టెను ఇప్పించేది, ఆ పిల్లవాణ్ని మాత్రం మాకు మిగల్చేది కాదు.

అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. నా మాట వాడికి అందింది ఎందుకంటే రెండేళ్లుగా వాడు నా క్లాసులో కూర్చున్నాడు. కొత్తగా చేరిన పిల్లవాడైతే అది సొరుగు గురించిన ప్రకటన అనుకునేవాడు.

గాలిమర
మంగళవారం, సాయంత్రం 6:48

రాత్రిడ్యూటీ గారూ, నేను విమానాల నిర్వహణ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మీరు రాసింది చదువుతుంటే మా శిక్షణ తరగతుల్లో పదే పదే చెప్పే ఒక ప్రమాదం కళ్ల ముందు కదిలింది.

1990 జనవరి 25. అవియాంకా సంస్థ విమానం 52, బోయింగ్ 707, కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తోంది. వాతావరణం బాగాలేక దారిలో మొత్తం గంటకు పైగా గాలిలోనే చక్కర్లు కొట్టించారు. ఇంధనం అడుగంటుతోంది. రేడియోలో మాట్లాడుతున్నది కోపైలట్. ఒకసారి దిగబోయి, కుదరక మళ్లీ పైకి లేచారు. అప్పుడు కెప్టెన్ "మనం అత్యవసర స్థితిలో ఉన్నామని చెప్పు" అన్నాడు. కోపైలట్ మాత్రం, నేల మీది నుంచి విమానాలకు దారి చూపే కంట్రోలర్ ఇచ్చిన ఆదేశాన్ని తిరిగి చెబుతూ, దాని చివర "ఇంధనం అయిపోతోంది సార్" అని తగిలించాడు. ఆ సమయంలో న్యూయార్క్ చేరే ప్రతి విమానానికీ ఇంధనం తగ్గుతూనే ఉంటుంది. కంట్రోలర్‌ను కదిలించే మాట ఒక్కటే: అత్యవసరం. ఆ ఒక్క మాట రాలేదు. నాలుగు ఇంజిన్లూ ఆగి లాంగ్ ఐలండ్‌లో కోవ్ నెక్ దగ్గర కొండవాలు మీద కూలిపోయింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. మంటలు రాలేదు. మండడానికి ఇంధనమే మిగల్లేదు.

అంతకు 11 ఏళ్ల ముందు, 1978 డిసెంబరులో, అమెరికాలోనే పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ సంస్థ విమానం 173 కూడా ఇంధనం అయిపోయే కూలింది. కెప్టెన్ చక్రాల సమస్యలో మునిగిపోయాడు. ఫ్లైట్ ఇంజినీరు ఇంధనం సంగతి ఎత్తాడు, గట్టిగా పట్టుబట్టలేదు. పది మంది పోయారు. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్న సిబ్బందికే అలా జరిగింది. కాబట్టి ఇది ఒక దేశం వాళ్ల బలహీనత కాదు. పైవాడి ముందు కిందివాడి గొంతు సన్నబడడం అంతటా ఉన్నదే.

ఆ తర్వాత 1979లో నాసా ఈ విషయం మీద ఒక సదస్సు పెట్టింది. 1981లో యునైటెడ్ సంస్థే విమాన సిబ్బందికి మాట్లాడడంలోనూ వినడంలోనూ శిక్షణ మొదలుపెట్టింది. శిక్షణ కోపైలట్‌కు మాత్రమే కాదు, కెప్టెన్‌కు కూడా. ఈ రెండో భాగాన్ని దయచేసి మర్చిపోకండి. వినడం రాని చోట చెప్పడం ఎంత నేర్పినా వ్యర్థం.

రాత్రిడ్యూటీ
మంగళవారం, రాత్రి 8:10

గాలిమర గారూ, "అలాగే ఉన్నారు" అన్న నా మాటకూ, "ఇంధనం అయిపోతోంది సార్" అన్న మాటకూ తేడా లేదు. చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

కుండబద్దలు గారూ, మీ మాటకు బాధ కలిగింది. కానీ డాక్టరు నిద్ర గురించి మీరన్నది పూర్తిగా అబద్ధం కాదు. నేను ఫోనులో అన్న మొదటి వాక్యమే ఆయన నిద్ర గురించి. పేషెంటు రెండో వాక్యంలో వచ్చింది.

శిక్షణపథం
మంగళవారం, రాత్రి 9:25

నేను ఉద్యోగులకు సంభాషణ నైపుణ్యాల మీద తరగతులు నడుపుతాను. ఒక శాస్త్రీయ సత్యం అందరూ గుర్తుంచుకోవాలి. మనం చెప్పేదాంట్లో మాటల విలువ 7 శాతమే. గొంతు 38, ముఖం 55. ఫోనులో ముఖం కనబడదు కాబట్టే ఈ నర్సు గారి సమాచారంలో సగానికి పైగా పోయింది.

వ్యాకరణప్రియ
బుధవారం, ఉదయం 7:40

శిక్షణపథం గారూ, ఈ అంకెలు చాలా చోట్ల తిరుగుతున్నాయి, అందుకే వివరంగా రాస్తున్నాను. ఇవి 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ బృందం చేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చాయి. అక్కడ వినిపించింది విడి విడి పదాలు. అడిగింది ఒక్కటే: ఈ గొంతు ఇష్టాన్ని చూపుతోందా, అయిష్టాన్ని చూపుతోందా? మాట ఒకటి చెబుతూ గొంతు ఇంకోటి చెబితే జనం గొంతునే నమ్మారు. అంతవరకే. ఏ మాటకైనా 7 శాతమే విలువ అని అందులో లేదు, ఆయనే తర్వాత ఆ అపార్థాన్ని ఖండించారు. "బీపీ 86" అనే సమాచారం నూటికి నూరుపాళ్లు మాటల్లోనే ఉంటుంది.

ఇక అసలు విషయం. రాత్రిడ్యూటీ గారు తన మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాయడం వల్ల మనకు మేలు జరిగింది. ఆ మొదటి ఫోనులో "కాస్త", "కొద్దిగా", "తగ్గినట్టుంది", "వీలైతే", "ఒకసారి", "బాగుంటుందేమో": ఆరు మెత్తలు, అంటే మాటను మెత్తబరిచే పదాలు. నాలుగు వాక్యాల్లో ఆరు. ఇవి తెలుగులో మర్యాదకు వాడే పనిముట్లే. "ఒకసారి ఇటు రండి" అన్నప్పుడు ఒకసారి అంటే సంఖ్య కాదు, వినయం. తప్పు ఏదో ఒక మెత్తలో లేదు. అన్నీ క్రియ మీదే పడడంలో ఉంది. "చూస్తే బాగుంటుందేమో" అనేసరికి, రావడం అనే పని ఆయన ఇష్టంగా మారిపోయింది.

తెలుగులో మనకొక గొప్ప సదుపాయం ఉంది. గౌరవానికి వేరే చోటు ఉంది, పనికి వేరే చోటు ఉంది. "మీరు", "గారు", "అండి" గౌరవాన్ని మోస్తాయి. క్రియ పనిని మోస్తుంది. "మీరు ఇప్పుడే రావాలండి" అన్న వాక్యంలో గౌరవం తగ్గిందా? తగ్గలేదు. తగ్గింది అనిశ్చితి మాత్రమే. మర్యాద కోసం క్రియను బలహీనపరచనక్కర్లేదు. ఈ తేడాను ఇళ్లలో పెద్దవాళ్లు ఎప్పటి నుంచో పాటిస్తున్నారు: "అన్నం తిని వెళ్లాలి మీరు, అంతే" అని అతిథిని కూర్చోబెడతారు. అది ఆజ్ఞే. ఎవరూ నొచ్చుకోరు.

ఐండ్‌హోవెన్‌లో
బుధవారం, మధ్యాహ్నం 3:05

నెదర్లాండ్స్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను. వచ్చిన మూడో వారం ఒక డిజైన్ చూపించాను. డచ్చి సహోద్యోగి అందరి ముందు "ఇది బాగాలేదు, రెండో భాగం తీసేయాలి" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. అరగంట తర్వాత అతనే వచ్చి "భోజనానికి వస్తావా" అని మామూలుగా అడిగాడు. అతని దృష్టిలో డిజైన్ గురించి మాట్లాడటం ముగిసింది, నా గురించి అసలు మాట్లాడలేదు. ఇది ఒంటబట్టడానికి నాకు ఏడాది పట్టింది. ఒంటబట్టాక ఎంత తేలికో చెప్పలేను. ఎవరైనా బాగుంది అంటే నిజంగా బాగున్నట్టే. ఆ మాట వెనకాల ఏముందో అని రాత్రి ఆలోచించనక్కర్లేదు.

లోపం కూడా చూశాను. మా బృందంలో ఒకామె తండ్రి చనిపోయి తిరిగొచ్చిన వారంలో ఆమె పనిలో తప్పులు ఉన్నాయని అదే గొంతుతో చెప్పారు. చెప్పింది నిజమే. ఆ రోజు చెప్పనక్కర్లేని నిజం. మన వాళ్లెవరైనా ముందు ఒక కప్పు కాఫీ ఇచ్చి, రెండు మాటలు మాట్లాడి, ఆ తప్పులు తామే దిద్దేవారు.

ఎడ్వర్డ్ హాల్ అనే మానవశాస్త్రవేత్త దీన్ని చాలాకాలం కిందటే విడమరిచాడు. కొన్ని సమాజాల్లో అర్థం ఎక్కువగా మాటల్లో ఉంటుంది, కొన్నింట్లో సందర్భంలో, సంబంధంలో ఉంటుంది. నేను హైదరాబాద్ బృందానికీ ఇక్కడి వాళ్లకూ మధ్య ఉంటాను. హైదరాబాద్ నుంచి "చూద్దాం, ప్రయత్నిస్తాం" అని వస్తే, అది "శుక్రవారానికి కాదు" అని నాకు తెలుసు. ఇక్కడి వాళ్లు శుక్రవారం కోసం ఎదురుచూస్తుంటారు. ఇప్పుడు హైదరాబాద్ వాళ్లను "అవుతుందా" అని అడగను. "ఏ రోజుకు అవుతుంది, మధ్యలో ఏది అడ్డం రావచ్చు" అని అడుగుతాను. అవును, కాదు అనే బాధ లేకపోతే నిజం హాయిగా బయటికొస్తుంది.

తూర్పుగాలి
బుధవారం, సాయంత్రం 5:20

ఎవరి ప్రాంతాన్ని బట్టి వారి మాట ఉంటుంది. కొన్ని జిల్లాల వాళ్లు ఏదీ తిన్నగా చెప్పరు, కొన్ని జిల్లాల వాళ్లకు మెత్తగా మాట్లాడటమే రాదు. ఆడవాళ్ల విషయం చెప్పనే అక్కర్లేదు.

నిర్వాహకులు
బుధవారం, సాయంత్రం 5:45

తూర్పుగాలి గారూ, జిల్లాలకూ స్త్రీలకూ ముద్రలు వేయవద్దు. ఈ చర్చలో ఇప్పటిదాకా అందరూ తాము చూసిన సంఘటనలు రాస్తున్నారు. మీ అనుభవం ఏదైనా ఉంటే అది రాయండి.

నిదానం
బుధవారం, రాత్రి 10:30

ఇంతవరకూ సూటి, సూచన అనే రెంటి గురించే మాట్లాడుకున్నాం. వేగం గురించి కూడా చెప్పాలి. నేను ఆలోచించి మాట్లాడే మనిషిని. ఎవరైనా అడిగితే ఒక క్షణం ఆగి జవాబిస్తాను. ఆ క్షణంలో ఇంకెవరో అందుకుంటారు. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో నా సగం మాటలు అలా నోట్లోనే ఉండిపోయాయి. ఏడాది చివర నా గురించి రాసింది: "చొరవ చూపరు."

2009లో పది భాషల సంభాషణలను కొలిచిన ఒక అధ్యయనం గురించి చదివాను. అవును కాదు ప్రశ్నకు జవాబు రావడానికి పట్టే సమయం సగటున సెకనులో అయిదో వంతు. జపనీయులు అందరికంటే త్వరగా, డేనిష్ వాళ్లు అందరికంటే ఆలస్యంగా జవాబిచ్చారు. ఆ పదిలో భారతీయ భాష ఏదీ లేదు. ఆ తేడాలన్నీ సెకనులోపే. అంత చిన్న వ్యవధిని మన చెవి పట్టుకుని, "ఇతనికి ఇష్టం లేదు", "ఈమెకు తెలియదు" అని తీర్పు చెప్పేస్తుంది. ఆ తీర్పుతోనే నా జీతం నిర్ణయమైంది.

మరో రకం వాళ్లూ ఉన్నారు. ఎదుటివాళ్లు ముగించకముందే అందుకుంటారు. నేను వాళ్లను అమర్యాదస్తులు అనుకునేవాణ్ణి. డెబోరా టానెన్ అనే భాషాశాస్త్రవేత్త దాని గురించి రాసింది చదివాక అభిప్రాయం మారింది. కొందరికి అలా మధ్యలో అందుకోవడమే "నీ మాట వింటున్నాను" అనడం. మా పిన్ని ఇంట్లో అయిదుగురు ఒకేసారి మాట్లాడతారు, అందరికీ అందరి మాటలూ వినిపిస్తాయి. వాళ్ల మధ్య నేను ఆగితే "ఏమైంది, ఒంట్లో బాగాలేదా" అంటారు.

మా కొత్త మేనేజరు ఒక్క పని చేశారు. సమావేశానికి ముందురోజే ఏం చర్చించబోతున్నామో రాసి పంపిస్తారు. సమావేశంలో ఒక ప్రశ్న వేశాక తనే కొంతసేపు ఆగుతారు. నేను ఇప్పుడు మాట్లాడుతున్నాను. నా స్వభావం ఏమీ మారలేదు.

మూడోఅంతస్తు
గురువారం, తెల్లవారుజామున 4:12

నేను డాక్టరును. ఇప్పుడు కూడా డ్యూటీలోనే ఉన్నాను. రాత్రిడ్యూటీ గారూ, ఆ ఫోనుకు ఇటువైపు ఉండేవాడు ఎలా ఉంటాడో చెప్పనివ్వండి.

ఇరవై గంటలు నిలబడి, అప్పుడే కునుకు పట్టిన వాడికి మీ మొదటి వాక్యమే చేరుతుంది. అది "ఏమీ అనుకోకండి" అయితే, నా బుర్ర "పెద్ద విషయం కాదు" అని నిర్ణయించేసుకుంటుంది. "నీరసంగా ఉన్నారు" అన్నది ఆపరేషన్ అయిన ప్రతి మనిషికీ వర్తిస్తుంది. 118 నుంచి 98, నాడి 88 నుంచి 112 అని మీ దగ్గర ఉన్న అంకెలు చెప్పి ఉంటే నేను చెప్పులు వెతుక్కునేవాణ్ణి. బీపీ పడుతూ నాడి పెరుగుతుంటే దాని అర్థం ఏమిటో ఇద్దరికీ తెలుసు. మీరు తేల్చుకున్నారు, కానీ తేల్చుకున్నది చెప్పలేదు.

దీనికి ఆసుపత్రుల్లో ఒక వరస ఉంది. అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల్లో మొదలై, అక్కడి కైజర్ పర్మనెంటె ఆసుపత్రుల ద్వారా వైద్యంలోకి వచ్చింది. ఇప్పుడేం జరుగుతోంది, దాని వెనక ఏముంది, నేనేమనుకుంటున్నాను, మీరేం చేయాలి. మీ సంగతే అందులో పెడతాను:

"సార్, నాలుగో బెడ్ పేషెంటు బీపీ పడిపోతోంది, మీరు ఇప్పుడే రావాలి. నిన్న గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది. పదింటికి 118, ఇప్పుడు 98. నాడి 112, చేతులు చల్లగా ఉన్నాయి. లోపల రక్తస్రావం అవుతోందేమోనని నా అనుమానం. మీరు వచ్చేలోగా రక్తం సిద్ధం చేయమని చెప్పనా?"

ఇరవై సెకన్లు పట్టదు. చూడండి, ఇందులోనూ "ఏమో" ఉంది. అది అనుమానం మీద ఉంది, రావడం మీద లేదు. వ్యాకరణప్రియ గారు చెప్పింది ఇదే అనుకుంటాను.

ఇంకొక నిజం కూడా రాయాలి. నర్సులు ఇలా మాట్లాడటం మాలాంటి వాళ్ల వల్లే మొదలైంది. అర్ధరాత్రి ఫోను చేసిన సిస్టర్‌ను "దీనికే లేపావా" అని నేను అన్న రోజులు ఉన్నాయి. అలా ఒకసారి అంటే చాలు, ఆ వార్డు మొత్తం "ఏమీ అనుకోకండి సార్" నేర్చుకుంటుంది. మీ మాటలో ఆ ఆరు మెత్తలు పెట్టింది మీరొక్కరే కాదు.

కుండబద్దలు
గురువారం, ఉదయం 9:00

రాత్రిడ్యూటీ గారూ, మొన్న నేను రాసిన చివరి వాక్యానికి క్షమించండి. డాక్టరు గారు రాసింది చదివాక నాకు కిందటి ఏడాది సంగతి గుర్తొచ్చింది.

ఒక స్తంభానికి సెంట్రింగ్ చెక్కలు విప్పగానే అడుగున తేనెపట్టులా బొరియలు కనిపించాయట. మేస్త్రీ నాకు చెప్పకుండా పైపైన సిమెంటు పూసి కప్పేశాడు. రెండు నెలలకు నాకు తెలిసింది. "ఎందుకు చెప్పలేదు" అని అడిగితే "చెబితే పదిమంది ముందు తిడతారు సార్" అన్నాడు. నేను ఎప్పుడూ దాపరికం లేకుండా మాట్లాడతాను, కాబట్టి నా దగ్గర కూడా ఎవరూ దాచరు అనుకునేవాణ్ణి. జరిగింది దానికి పూర్తిగా తిరగబడింది. నా సూటిదనం నా నోటి నుంచి బయటికే వెళ్తోంది, నా చెవిలోకి ఏమీ రానివ్వడం లేదు.

పని ఆపించే మాట ఇప్పటికీ అలాగే చెబుతాను. అందులో రాజీ లేదు. కానీ తప్పు ఎవరిది అనే మాట మాత్రం ఇప్పుడు పక్కకు పిలిచి మాట్లాడుతున్నాను. ఈ రెండూ వేర్వేరు మాటలని నాకు నలభై ఏళ్లు వచ్చాక తెలిసింది.

పొలంగట్టు
గురువారం, మధ్యాహ్నం 12:50

నేను మా నాన్న గురించి రాయాలనుకున్నాను. ఆయన మాటలతో ఏదీ చెప్పరు. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఉత్తరం రాయలేదు, ఫోనులో నాలుగు మాటలకు మించలేదు. ఏటా మే నెలలో బస్సులో మామిడిపళ్ల బుట్ట వచ్చేది. వరిగడ్డి మధ్య ఒక్కొక్క పండూ విడిగా పెట్టి, ముందు పండేవి పైన, తర్వాత పండేవి అడుగున సర్ది ఉండేవి. పది రోజులు రోజుకు రెండు తినేలా. ఆ బుట్ట సర్దడానికి ఆయనకు ఒక పూట పట్టి ఉంటుంది. నన్ను తలచుకుంటున్నానని ఇంతకంటే స్పష్టంగా నాకెవరూ చెప్పలేదు.

అదే మనిషి రెండేళ్ల క్రితం మూడు వారాల పాటు ఫోనులో "బాగానే ఉన్నానమ్మా, కాస్త గ్యాస్ పట్టింది" అన్నారు. నేను "సరే నాన్నా, జీలకర్ర నీళ్లు తాగు" అన్నాను. అది గ్యాస్ కాదు, గుండె. స్టెంటు వేసిన డాక్టరు, ఇంకో వారం ఆలస్యమైతే చేయి దాటిపోయేదని అన్నారు. ఆయన మాటలో "కాస్త" ఎంత బరువైనదో నాకు తెలిసి ఉండాలి. జీవితంలో ఎప్పుడూ ఒంట్లో బాగాలేదని అనని మనిషి గ్యాస్ అన్నాడంటేనే నేను బయల్దేరి ఉండాలి.

ఆయన్ను మార్చలేను, డెబ్భై ఒకటి. అందుకే నేను అడిగే తీరు మార్చుకున్నాను. "ఎలా ఉన్నావు" అని అడగను, దానికి జవాబు "బాగున్నాను" మాత్రమే. "ఈ రోజు మోటారు దాకా నడిచావా? మధ్యలో ఎక్కడైనా ఆగావా? చింతచెట్టు దగ్గర కూర్చున్నావా?" అని అడుగుతాను. ఆయన అబద్ధం చెప్పరు. "కూర్చున్నాను" అంటారు. "ఎంతసేపు?" అంటాను. "బీడీ కాల్చేంత సేపు" అంటారు, బీడీ మానేసినా సమయం లెక్క మాత్రం అదే. దాన్ని బట్టి నాకు తెలిసిపోతుంది.

గౌతమీతీరం
గురువారం, సాయంత్రం 4:15

తల్లీ, నీ చింతచెట్టు ప్రశ్న నేను రాసి పెట్టుకున్నాను. మా వారు కూడా అదే రకం.

ఒక తీరు గురించి మాత్రం ఎవరూ రాయలేదు. మనసులో కోపం పెట్టుకుని పైకి "మీ ఇష్టం" అనడం, గిన్నెల మీద చూపడం, పెళ్లి భోజనాల్లో నలుగురి ముందు ఎత్తిపొడవడం. ఇది సూచన మాట కాదు. సూచన ఎదుటివాడికి దారి ఇస్తుంది, ఎత్తిపొడుపు దారి మూసేస్తుంది. మా ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు పదమూడేళ్లు ఇలా గడిపారు. మొదట్లో గొడవ ఒక పట్టుచీర అరువు గురించి. "నా చీర నాకు కావాలి" అని ఒక్కసారి అని ఉంటే సరిపోయేది. నేను సూచనగా మాట్లాడటాన్ని వెనకేసుకొచ్చే మనిషినే, కానీ ఇందులో నాకు ఒక్క మంచీ కనబడలేదు.

రాత్రిడ్యూటీ
శనివారం, ఉదయం 8:35

ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చాను. నిద్రపోయే ముందు రాయాలనిపించింది.

రాత్రి రెండున్నరకు నేను చార్టులు రాస్తుంటే, చేరి ఆరు నెలలైన అమ్మాయి వచ్చి బల్ల పక్కన నిలబడింది. "అక్కా, తొమ్మిదో బెడ్ తాతగారు ఎందుకో నిద్రపోవడం లేదు" అంది. నేను తల ఎత్తకుండా "సరే, చూద్దాంలే" అన్నాను. అన్నాక చెయ్యి ఆగిపోయింది. ఆ అమ్మాయి ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"నీకేమనిపిస్తోంది?" అని అడిగాను. "భయంగా ఉందక్కా. ఊపిరి కోసం లేచి కూర్చుంటున్నారు" అంది. ఆ మాట మొదట చెప్పలేదు. చెప్పనిది ఆమె, కానీ తల ఎత్తనిది నేను. వెళ్లి చూస్తే ఆక్సిజన్ 87, పెదాలు నీలంగా ఉన్నాయి.

ఆక్సిజన్ మాస్కు పెట్టి, ఫోను తీసి ఆ అమ్మాయి చేతికే ఇచ్చాను. పక్కనే నిలబడ్డాను. గొంతు వణికింది, కానీ చెప్పింది: "సార్, తొమ్మిదో బెడ్‌కు మీరు ఇప్పుడే రావాలండి. ఆక్సిజన్ 87."

ఆయన నాలుగు నిమిషాల్లో వచ్చారు. అదే డాక్టరు. తాతగారు ఇప్పుడు ఐసీయూలో ఉన్నారు, తెల్లారేసరికి ఆక్సిజన్ 95కి వచ్చింది.

మూడోఅంతస్తు గారూ, మీరు రాసిన ఆ నాలుగు అంశాల వరసను మా వార్డు ఫోను పక్కన గోడకు అంటించడానికి మీ అనుమతి కావాలి. అడుగున ఇంకొక వాక్యం నేను చేర్చుకుంటాను, ఫోను ఎత్తే వాళ్ల కోసం: "మీకేమనిపిస్తోంది సిస్టర్?"